విండోస్ మళ్లీ వేశాక కీ అడిగితే

కంప్యూటర్ నెమ్మదించినా, వైరస్ పట్టినా, పాత హార్డ్ డిస్క్ పోయి కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించినా చివరికి తేలే పని ఒకటే: విండోస్‌ను మొదటి నుంచి మళ్లీ ఎక్కించడం. తెలుగునాట దీన్ని ‘ఫార్మాట్ కొట్టడం’ అంటారు. పెన్‌డ్రైవ్ సిద్ధంగా ఉంటే గంటలోపే అయిపోతుంది. చిక్కు ఆ పని నడుస్తుండగానో, అయిపోయాకో వస్తుంది. 25 అక్షరాల ప్రొడక్ట్ కీ ఇవ్వమని తెర ఆగిపోతుంది. లేదా అంతా సజావుగా ముగిసినట్టే కనిపించి, కొంతసేపటికి తెర కుడివైపు అడుగున ‘యాక్టివేట్ విండోస్’ అన్న లేత అక్షరాలు తేలతాయి. డబ్బు పెట్టి కొన్న ల్యాప్‌టాప్ అది. నిన్నటిదాకా ఏ పేచీ లేకుండా నడిచిన విండోస్ ఇవాళ అనుమతి చూపించమంటుంది.

చాలామంది తొందరపడేది ఇక్కడే. ఇంటర్నెట్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికే కీ కొంటారు, లేదా తెలిసినవాళ్ల చేత ‘క్రాక్’ వేయించుకుంటారు. నిజానికి ఇలాంటి కంప్యూటర్లలో చాలావాటికి అనుమతి ముందే ఉంటుంది. అది ఎక్కడ ఉందో యజమానికి తెలియదు, అంతే. మదర్‌బోర్డులో ఉందా, కొన్నవారి ఈమెయిల్‌లో ఉందా, మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదై ఉందా, లేక ఆ ల్యాప్‌టాప్ ఇచ్చిన సంస్థ చేతిలో ఉందా అన్నది తేలితే మిగతా పని సులువు. కొత్తగా రూపాయి ఖర్చు పెట్టే ముందు చేయాల్సిన వెతుకులాట అదే.

పాతిక అక్షరాల వెనక

ప్రొడక్ట్ కీని పాస్‌వర్డ్‌లా చూడటం వల్ల కొంత గందరగోళం పుడుతుంది. పాస్‌వర్డ్ మనం పెట్టుకునేది, మరిచిపోతే మార్చుకోగలిగేది. ప్రొడక్ట్ కీ అలా కాదు. అది అమ్మిన లైసెన్సుకు గుర్తు, బస్సు టికెట్ మీది నంబరు లాంటిది.

మొదట్లో దీని తనిఖీ నామమాత్రంగా ఉండేది. విండోస్ 95 సీడీ కీలో చివరి ఏడంకెలను కూడితే వచ్చే మొత్తం 7తో నిశ్శేషంగా భాగింపబడితే దాదాపు సరిపోయేది. కాగితం, పెన్సిల్ ఉంటే ఎవరైనా ఒక కీ తయారు చేయగలిగేవారు. విండోస్ 98 నాటికి ఐదేసి అక్షరాల ఐదు గుంపుల కీ వచ్చింది. అయినా ఒకే కీతో ఎన్ని కంప్యూటర్లకైనా వేసుకునే వీలు పోలేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ ఆ తలుపు మూసింది. ఇన్‌స్టాల్ చేసిన 30 రోజుల్లోగా ఇంటర్నెట్ ద్వారానో, ఫోన్ ద్వారానో మైక్రోసాఫ్ట్‌కు తెలియజేయాలి. కంప్యూటర్‌లోని పది భాగాల వివరాలతో ఒక వేలిముద్ర లాంటి సంకేతం తయారై, కీతో పాటు నమోదయ్యేది. అదే కీ మరో వేలిముద్రతో వస్తే సర్వర్ అభ్యంతరం చెప్పేది. సూత్రం నేటికీ అదే.

కాబట్టి తనిఖీ రెండు మెట్లలో జరుగుతుంది. మొదటి మెట్టు కంప్యూటర్‌లోనే. టైప్ చేసిన పాతిక అక్షరాలు నియమం ప్రకారం తయారైన కీయేనా, వేస్తున్న ఎడిషన్‌కు సరిపోతుందా అన్నది ఇంటర్నెట్ లేకుండానే లెక్క కట్టి చూస్తుంది. రెండోది మైక్రోసాఫ్ట్ సర్వర్ దగ్గర. ఆ కీని ఇప్పటికే ఎన్ని కంప్యూటర్లకు వాడారు, దాన్ని నిలిపివేశారా అన్నది అక్కడ తేలుతుంది. కీ టైప్ చేసిన మరుక్షణమే తిరస్కరిస్తే అక్షరం తప్పైనా పడి ఉండాలి, ఎడిషన్ అయినా వేరై ఉండాలి. కీని తీసుకుని, యాక్టివేషన్ దగ్గర ఆగితే సమస్య సర్వర్‌తో. ఈ ఒక్క తేడా గమనిస్తే సగం దారి దొరికినట్టే.

అక్షరాల తప్పుకు ఒక ఉపాయం ఉంది. కీల తయారీలో పోలికతో తికమక పెట్టే అక్షరాలను కావాలనే వదిలేశారు. ఇంగ్లిష్ అచ్చులు ఏ, ఈ, ఐ, ఓ, యూ ఐదూ ఉండవు. ఎల్, ఎస్, జడ్ ఉండవు. అంకెల్లో 0, 1, 5 ఉండవు. ఎన్ అక్షరం విండోస్ 8 నుంచే వచ్చింది, అంతకుముందు కీలలో లేదు. కాబట్టి స్టిక్కర్ మీద సున్నాలా కనిపించేది డీ గానీ క్యూ గానీ అయి ఉండాలి. జడ్‌లా కనిపిస్తే అది 2. ఐదులా కనిపిస్తే 6 అనో జీ అనో ప్రయత్నించాలి. నిజంగా కంటిని మోసం చేసేవి బీ, 8 జంట, జీ, 6 జంట. కీ ఒప్పుకోనప్పుడు ముందుగా వీటిని మార్చి చూడాలి.

బోర్డులోనే దాగిన కీ

విండోస్ 8 కాలం నుంచి, అంటే 2012 తర్వాత విండోస్‌తో పాటు అమ్మిన బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌ల మీద కీ ముద్రించి ఉండదు. అడుగున విండోస్ గుర్తుతో చిన్న స్టిక్కర్ ఉండొచ్చు కానీ దాని మీద కీ కనిపించదు. తయారీదారు ఆ కీని మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌లో, ఎంఎస్‌డీఎం అనే చిన్న పట్టికలో రాసి పంపుతాడు. హార్డ్ డిస్క్ తుడిచినా, తీసేసి కొత్తది పెట్టినా అది చెరగదు. విండోస్ సెటప్ మొదలవగానే ఆ పట్టికను చదువుకుని, ఏ ఎడిషన్ వేయాలో తానే నిర్ణయించుకుంటుంది. కంప్యూటర్ ఇంటర్నెట్‌కు తగలగానే యాక్టివేట్ అవుతుంది. ఎవరూ ఏమీ టైప్ చేయనక్కర్లేదు.

ఇలాంటి యంత్రంలో సెటప్ ఎందుకైనా కీ అడిగితే ‘నా దగ్గర ప్రొడక్ట్ కీ లేదు’ అన్న వరుసను నొక్కి ముందుకు సాగాలి. అది దొంగదారి అనుకుని వెనకాడేవారు ఎందరో ఉన్నారు. అది మైక్రోసాఫ్ట్ ఉద్దేశపూర్వకంగా పెట్టిన దారి. అనుమతి వేరేచోట నమోదై ఉన్నవారి కోసమే దాన్ని అక్కడ ఉంచారు.

బోర్డులో కీ ఉందో లేదో చూడాలంటే విండోస్‌లోనే పవర్‌షెల్ తెరిచి, సాఫ్ట్‌వేర్ లైసెన్సింగ్ సర్వీస్ నుంచి ‘ఓఏ3 ఒరిజినల్ ప్రొడక్ట్ కీ’ విలువను అడిగే ఒక వరుస ఆదేశం ఇస్తే చాలు. కీ ఉంటే మొత్తం పాతిక అక్షరాలూ కనిపిస్తాయి. లేకపోతే ఖాళీ వరుస వస్తుంది. విండోస్ అసలు తెరుచుకోని స్థితిలో కూడా పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి అదే పట్టికను చదవొచ్చు. కంప్యూటర్ పని తెలిసినవారికి ఇది ఐదు నిమిషాల పని.

విండోస్ 7 నాటి యంత్రాల కథ వేరు. వాటి అడుగున, లేదా బ్యాటరీ కింద పాతిక అక్షరాల స్టిక్కర్ ఉండేది. ఒడిలో పెట్టుకుని వాడిన ల్యాప్‌టాప్‌లలో వేడికి, చెమటకు, రాపిడికి ఆ అక్షరాలు అరిగిపోయాయి. పక్క నుంచి లైటు వేసి, ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేస్తే చాలాసార్లు చదవొచ్చు. అయితే ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఫ్యాక్టరీలో ఆ యంత్రానికి వాడిన కీ, స్టిక్కర్ మీది కీ ఒకటి కావు. తయారీదారు ఎన్నో యంత్రాలకు ఒకే సామూహిక కీ వాడి, బోర్డులోని వేరొక గుర్తింపు పట్టిక ఆధారంగా వాటిని యాక్టివేట్ చేసేవాడు. స్టిక్కర్ కీ విడిగా ఆ ఒక్క యంత్రం కోసం ఉంచినది. కీ వెతికే ఉచిత ప్రోగ్రాములు డిస్క్ నుంచి తీసి చూపించేది ఆ సామూహిక కీనే. దాన్ని మామూలు డీవీడీతో వేసిన విండోస్‌లో టైప్ చేస్తే తిరస్కరణ తప్పదు. ఆ రోజుల్లో కీ తప్పు చూపిస్తోందని తల పట్టుకున్నవారిలో చాలామంది పొరపడింది ఈ విషయంలోనే.

పాత స్టిక్కర్ కీతో కొత్త విండోస్ వేయడం ఒకప్పుడు సాధ్యమయ్యేది. విండోస్ 7, 8 నుంచి 10కి ఉచితంగా మారే అవకాశం అధికారికంగా 2016 జూలై 29తో ముగిసినా, పాత కీలను సర్వర్లు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఒప్పుకున్నాయి. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఆ దారి మూసేసింది. నేడు విండోస్ 7 కీతో విండోస్ 10గానీ 11గానీ కొత్తగా యాక్టివేట్ చేయాలంటే కుదరదు. అప్పట్లోనే 10కి మారి ఒకసారి యాక్టివేట్ అయిన యంత్రానికి మాత్రం ఆ హక్కు పోలేదు. ఎందుకు పోలేదో తెలియాలంటే డిజిటల్ లైసెన్స్ సంగతి తెలియాలి.

కీ లేని అనుమతి

2015 జూలై 29న వచ్చిన విండోస్ 10తో కీ అవసరమే లేని పద్ధతి మొదలైంది. యంత్రం ఒకసారి యాక్టివేట్ అయితే దాని హార్డ్‌వేర్ గుర్తింపు, అందులో ఉన్న విండోస్ ఎడిషన్ మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదవుతాయి. తర్వాత అదే యంత్రంలో అదే ఎడిషన్‌ను ఎన్నిసార్లు వేసినా సర్వర్ గుర్తుపట్టి యాక్టివేట్ చేస్తుంది. 2016 ఆగస్టులో వచ్చిన యానివర్సరీ అప్‌డేట్‌తో ఈ డిజిటల్ లైసెన్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు ముడిపెట్టే వీలు కూడా వచ్చింది. విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్, ఆ తర్వాత యాక్టివేషన్ దగ్గరకు వెళితే స్థితి కనిపిస్తుంది. ‘డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయింది’ అని మాత్రమే ఉంటే అనుమతి యంత్రానికి కట్టుబడి ఉంది. ‘మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు జత చేసిన’ అన్న మాట కూడా ఉంటే హార్డ్‌వేర్ మారినా తిరిగి పొందే ఆధారం ఒకటి మిగిలినట్టు.

ఈ పద్ధతి ఒక కొత్త అపోహకు దారితీసింది. డిజిటల్ లైసెన్స్ ఉన్న యంత్రాల్లో విండోస్ తనలో పెట్టుకునేది అందరికీ ఒకటే అయిన సాధారణ కీ. ప్రో ఎడిషన్ అయితే దాని చివరి ఐదు అక్షరాలు 3వీ66టీ. ఫార్మాట్‌కు ముందు జాగ్రత్తపడి, కీ వెతికే ప్రోగ్రాముతో కీని రాసి పెట్టుకున్నవారు చాలాసార్లు రాసుకునేది దీన్నే. అది ఏ ఎడిషనో చెప్పడానికి పనికొస్తుంది తప్ప దానంతటదే యాక్టివేట్ చేయదు. చివర ఆ అక్షరాలు కనిపిస్తే దిగులు పడక్కర్లేదు. అసలు అనుమతి సర్వర్‌లో భద్రంగానే ఉంది.

సర్వర్ గుర్తుపట్టడానికి యంత్రం మునుపటిదే అనిపించాలి. ర్యామ్ పెంచడం, డిస్క్ మార్చడం సాధారణంగా సమస్య కావు. మదర్‌బోర్డు మారితే మాత్రం సర్వర్ దృష్టిలో అది వేరే కంప్యూటర్. అప్పుడు యాక్టివేషన్ పేజీలో కనిపించే ఎర్రర్ కోడ్ ఎఫ్211తోనో, ఎఫ్213తోనో ముగుస్తుంది. మొదటిది హార్డ్‌వేర్ మారిందని, రెండోది ఈ యంత్రానికి కీ కనిపించలేదని చెబుతుంది. అదే పేజీలోని ట్రబుల్‌షూట్ బటన్ నొక్కి, ‘ఈ మధ్య హార్డ్‌వేర్ మార్చాను’ అన్న వరుస ఎంచుకుని, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఆ అకౌంట్‌కు జతైన కంప్యూటర్ల జాబితా వస్తుంది. అందులో పాత పేరును ఎంచుకుని, ఇప్పుడు వాడుతున్నది ఇదేనని గుర్తు పెడితే లైసెన్స్ కొత్త బోర్డుకు మారుతుంది. బోర్డు మార్చకముందే అకౌంట్‌కు జత చేసి ఉన్నప్పుడే ఇది సాధ్యం. ఎన్నిసార్లు మార్చుకోవచ్చన్న దానికీ పరిమితి ఉంది.

బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ ఆ యంత్రానిదే. మరో కంప్యూటర్‌కు తీసుకుపోయే హక్కు దానికి లేదు. బోర్డు చెడిపోయి కంపెనీ సర్వీసు కేంద్రంలోనే మార్పిస్తే, కొత్త బోర్డులో సీరియల్ నంబరుతో పాటు విండోస్ కీని కూడా ఎక్కించి ఇవ్వాల్సింది వాళ్లే. ఇంటికొచ్చాక చూసుకోవడం కన్నా అక్కడే యాక్టివేషన్ పేజీ తెరిపించి చూడటం మేలు. బయట వేరే యంత్రం నుంచి తీసిన బోర్డు వేయిస్తే ఆ బోర్డులో దాగి ఉన్న కీ ఆ వేరే యంత్రానిది అవుతుంది. అది మరో ఎడిషన్‌ది కూడా కావొచ్చు. విడిగా డబ్బు పెట్టి కొన్న రిటైల్ లైసెన్స్ మాత్రం కొన్నవారిది. పాత కంప్యూటర్‌లోంచి తీసేసి కొత్తదానిలో వేసుకోవచ్చు. దాని కీ అట్టపెట్టెలోని కార్డు మీదనో, కొన్నప్పుడు వచ్చిన ఈమెయిల్‌లోనో, మైక్రోసాఫ్ట్ దగ్గరే కొని ఉంటే ఆ అకౌంట్ ఆర్డర్ల చరిత్రలోనో దొరుకుతుంది.

ఎడిషన్ తేడా

కీ సమస్యల్లో అన్నిటికన్నా తేలిగ్గా పరిష్కారమయ్యేది, అన్నిటికన్నా ఎక్కువగా అపార్థం చేసుకునేది ఇదే. భారత మార్కెట్‌లో అమ్మే ఇంటివాడకం ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో విండోస్ హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అనే ఎడిషన్ ఉంటుంది. పేరుకు తగ్గట్టే తెర మీద మెనూలు కనిపించే భాష ఒక్కటే. తెలుగులో టైప్ చేసుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఈ యంత్రం బోర్డులోని కీ ఆ ఎడిషన్‌కే పనిచేస్తుంది. ఫార్మాట్ చేసే వ్యక్తి మంచిదే కదా అని ప్రో ఎడిషన్ వేశాడనుకుందాం. ఇంతకుముందు నిజమైన లైసెన్స్ ఉన్నా అది ఈ ప్రోకు చెల్లదు. యాక్టివేషన్ పేజీలో ఎఫ్212తో ముగిసే కోడ్ వస్తుంది. యజమానికి మాత్రం కీయే పోయినట్టు కనిపిస్తుంది.

దీనికి కొత్త కీ కొనడం వృథా ఖర్చు. ఏ ఎడిషన్ హక్కు ఉందో దాన్నే తిరిగి వేస్తే చాలు. హోమ్ నుంచి ప్రోకు, వేసిన విండోస్ మీదే కీ మార్చి ఎదగవచ్చు కానీ ప్రో నుంచి హోమ్‌కు దిగాలంటే మళ్లీ మొదటి నుంచి వేయాల్సిందే. అందుకే మొదటిసారే సరైనది ఎంచుకోవాలి. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తీసుకునే ఇన్‌స్టలేషన్ ఫైలులో హోమ్, హోమ్ సింగిల్ లాంగ్వేజ్, ప్రో మొదలైనవన్నీ కలిసే ఉంటాయి.

దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది. హోమ్‌తో వచ్చిన యంత్రాన్ని యజమాని డబ్బు కట్టి ప్రోకు మార్చుకున్నాడు. కొన్నాళ్లకు ఫార్మాట్ చేస్తే సెటప్ ఏమీ అడగకుండానే హోమ్ వేసేసింది. బోర్డులోని పాత కీని చదివి అది తన దారిన పోయింది. ప్రో హక్కు పోలేదు. ముందు హోమ్ వేయనిచ్చి, ఇంటర్నెట్‌కు కలిపి ట్రబుల్‌షూట్ నడిపితే సర్వర్‌లో ప్రో లైసెన్స్ ఉన్న సంగతి తెలిసి, ఆ ఎడిషన్‌కు మారే దారి చూపిస్తుంది. ప్రో కీ చేతిలో ఉంటే ‘ప్రొడక్ట్ కీ మార్చు’ దగ్గర నేరుగా ఇవ్వొచ్చు.

సంస్థల కీలు, చౌక కీలు

పెద్ద సంస్థలు వేల కంప్యూటర్లకు ఒక్కో కీ టైప్ చేస్తూ కూర్చోవు. తమ నెట్‌వర్క్‌లోనే కేఎంఎస్ అనే సర్వర్ పెట్టుకుంటాయి. కనీసం 25 కంప్యూటర్లు అడిగితే గానీ అది విండోస్‌ను యాక్టివేట్ చేయడం మొదలుపెట్టదు. ఇచ్చే అనుమతి 180 రోజులకే. ఈలోగా కంప్యూటర్ ప్రతి 7 రోజులకోసారి సర్వర్‌ను పలకరించి గడువు పొడిగించుకుంటుంది. ఇంటి నుంచి పనిచేసే ఐటీ ఉద్యోగి ఆఫీసు ల్యాప్‌టాప్‌ను నెలల తరబడి వీపీఎన్‌కు కలపకపోతే ఎఫ్074తో ముగిసే కోడ్ కనిపించేది ఇందుకే. అలాంటి యంత్రాన్ని బయట ఫార్మాట్ చేయించకూడదు. వీపీఎన్‌కు కలిపి చూడటం, కుదరకపోతే ఆఫీసు ఐటీ విభాగానికి చెప్పడమే దానికి మందు.

సంస్థలు వాడి అమ్మేసిన ల్యాప్‌టాప్‌లను కొనేవారికి ఈ సంగతి బాగా పనికొస్తుంది. వాటిలో కనిపించే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ఆ సంస్థ ఒప్పందానికి చెందినది, యంత్రంతో పాటు చేతులు మారదు. కానీ వ్యాపార వర్గాల కోసం చేసిన అలాంటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటి బోర్డులో తయారీదారు పెట్టిన ప్రో కీ ఇంకా ఉంటుంది. ఎంటర్‌ప్రైజ్ తీసేసి ప్రో వేస్తే, ఆ కీ ఉన్న యంత్రం దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

తన కంప్యూటర్‌లోని అనుమతి శాశ్వతమా, గడువు ఉన్నదా అన్నది ఎవరైనా తెలుసుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ అనే ఐదు ఇంగ్లిష్ అక్షరాలు కలిపి టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, ఎక్స్, పీ, ఆర్ అని కొట్టాలి. చిన్న పెట్టెలో ‘శాశ్వతంగా యాక్టివేట్ అయింది’ అన్న అర్థంలో ఇంగ్లిష్ వాక్యం రావాలి. సొంతానికి కొన్న కంప్యూటర్‌లో దానికి బదులు ఒక తేదీ, గడువు కనిపిస్తే ఎవరో దొంగ కేఎంఎస్‌తో దాన్ని యాక్టివేట్ చేశారని అనుమానించాలి. అలాంటి క్రాక్ ప్రోగ్రాములు పనిచేయాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటాయి. బ్యాంకు లావాదేవీలు చేసే యంత్రంలో కాపలాను తీసేసి, ఊరూ పేరూ తెలియని ప్రోగ్రాముకు పూర్తి అధికారం ఇవ్వడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంటర్నెట్‌లో అతి చౌకగా అమ్మే కీలలో సంస్థల ఒప్పందాల నుంచి బయటికి పొక్కినవి, ఒకే కీని పదిమందికి అమ్మినవి ఉంటాయి. కొన్నరోజు పనిచేయవచ్చు. మైక్రోసాఫ్ట్ గమనించి నిలిపివేస్తే సీ003తో ముగిసే కోడ్, పరిమితికి మించి వాడారని తేలితే సీ008తో ముగిసే కోడ్ వస్తాయి. మొన్నటిదాకా నడిచిన కీ ఇవాళ ఎందుకు చెల్లలేదన్న ప్రశ్నకు జవాబు అక్కడుంది. సొంత రిటైల్ కీని పాత కంప్యూటర్‌లో తీసేయకుండా కొత్తదానిలో వేసినా సీ008 రావచ్చు. అప్పుడు పాతదానిలోంచి తీసేసి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ కాకపోతే మైక్రోసాఫ్ట్ సహాయ విభాగాన్ని సంప్రదించాలి. అక్కడ అడిగే ఇన్‌స్టలేషన్ ఐడీ, కొన్న రసీదు దగ్గర పెట్టుకుంటే పని త్వరగా తెములుతుంది.

కీకి సంబంధం లేని కారణాలు

అన్నీ సరిగ్గా ఉన్నా యాక్టివేట్ కాకపోతే గడియారం చూడాలి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సర్వర్‌తో భద్రమైన సంబంధం కుదరదు, యాక్టివేషనూ జరగదు. ఆ చిన్న బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే సరిపోయే పనికి కీలు కొన్నవారున్నారు. కొత్తగా వేసిన విండోస్‌కు వైఫై డ్రైవర్ లేక ఇంటర్నెట్టే అందకపోవడం మరో కారణం. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే ఆ గండం గడుస్తుంది. సర్వర్లు రద్దీగా ఉన్న రోజుల్లో కొంత ఆగాల్సి రావచ్చు. ఆగినందువల్ల నష్టమేమీ లేదు. యాక్టివేట్ కాని విండోస్ 10, 11 పనిచేస్తూనే ఉంటాయి, విండోస్ 11కు భద్రతా అప్‌డేట్లూ అందుతాయి. తెర రంగులు, వాల్‌పేపర్ లాంటివి సెట్టింగ్స్‌లో మార్చుకోనివ్వవు, మూలన ఆ లేత అక్షరాలు ఉంటాయి, అంతే. కంగారుపడి డబ్బు పారేయాల్సినంత అత్యవసరం అక్కడ ఏదీ లేదు.

ఫార్మాట్‌కు ముందు

కంప్యూటర్ ఇంకా తెరుచుకుంటూ ఉంటే, తుడిచే ముందు పది నిమిషాలు కేటాయించాలి. యాక్టివేషన్ పేజీని ఫొటో తీసి పెట్టుకోవాలి. అందులో ఎడిషన్ పేరు, అనుమతి తీరు రెండూ ఉంటాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు జత కాకపోయి ఉంటే అప్పుడే జత చేయాలి. ఆ అకౌంట్ ఎవరి పేరున ఉందో, పాస్‌వర్డ్ గుర్తుందో చూసుకోవాలి. దుకాణంలో కొత్త ల్యాప్‌టాప్‌ను సిద్ధం చేసి ఇచ్చినవారు తమకు తోచిన ఈమెయిల్‌తో అకౌంట్ తెరిచి, ఆ వివరాలు ఎవరికీ చెప్పకపోతే అవసరమైన రోజున తలుపు తెరుచుకోదు. విండోస్ ఇంకా పనిచేస్తుంటే పెన్‌డ్రైవ్ దాకా వెళ్లకుండా, సెట్టింగ్స్‌లోని రికవరీ దగ్గర ‘రీసెట్ దిస్ పీసీ’ వాడటం మరింత సురక్షితం. ఎడిషన్ మారదు కాబట్టి లైసెన్స్ చెక్కుచెదరదు.

ప్రొడక్ట్ కీతో పొరబడే మరో కీ ఉంది. దాని గురించి తెలియకపోవడం వల్ల పోయేది లైసెన్స్ కాదు, ఫైళ్లు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావరకు డిస్క్‌ను రహస్య లిపిలోకి మార్చి ఉంచుతాయి. బయోస్‌లో మార్పు చేసినా, బోర్డు మారినా బిట్‌లాకర్ అనే ఈ ఏర్పాటు నీలం తెర మీద రికవరీ కీ అడుగుతుంది. అది ఆరేసి అంకెల ఎనిమిది గుంపులు, మొత్తం 48 అంకెలు, అందులో అక్షరాలుండవు. అక్కడ 25 అక్షరాల విండోస్ కీ ఎంత టైప్ చేసినా ప్రయోజనం లేదు. ఇళ్లలో ఫొటోలు, పత్రాలు డీ డ్రైవ్‌లో దాచి, సీ డ్రైవ్ మాత్రమే ఫార్మాట్ చేయించడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. డీ డ్రైవ్ కూడా ఇలా తాళం పడి ఉంటే, కొత్త విండోస్ వేశాక దాన్ని తెరవబోయినప్పుడు ఆ 48 అంకెలే అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో వాడిన కంప్యూటర్ అయితే ఆ సంఖ్య సాధారణంగా ఆ అకౌంట్ పేజీలోనే, రికవరీ కీల జాబితాలో ఉంటుంది. అక్కడా లేక, ఎక్కడా రాసిపెట్టుకోకపోతే డీ డ్రైవ్‌లోని ఫైళ్లను మైక్రోసాఫ్ట్ కూడా తెరిచి ఇవ్వలేదు. అందుకే సీ డ్రైవ్ మీద చేయి వేసే ముందు ఆ 48 అంకెలను చూసి కాగితం మీదకు దింపుకోవాలి, లేదా డీ డ్రైవ్‌లోని ఫైళ్లను బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి పక్కన పెట్టాలి.